నిదానం మేస్త్రి బొమ్మరిల్లు

ఏ పనీ ఓ పట్టాన తెమల్చడని ఆ వడ్రంగికి నిదానం మేస్త్రి అనే పేరు స్థిరపడిపోయింది. ఒకసారి సినిమావాళ్ళు నడుమెత్తు బొమ్మరిల్లు చేయమన్నారు. లోపల గదులు అక్కర్లేదు, బయట మాత్రం నిజం మేడలా ఉండాలన్నారు. మేస్త్రి ఐదు నెలలు వేరే పని ముట్టలేదు. గోరంత పెంకులు వెయ్యికి పైగా కోసి కప్పు మీద ఒక్కొక్కటీ అతికించాడు. గోడల మీద ఇటుకల గీతలు చెక్కి, ఎండకు వెలిసినట్టు రంగు వేశాడు.

“మన కప్పు కారి చస్తుంటే బొమ్మరింటికి పెంకులు పేరుస్తున్నారా?” అని భార్య నెత్తి కొట్టుకుంది.

“తెర మీద చూశాక మాట్లాడు,” అన్నాడు మేస్త్రి.

షూటింగ్ చూడ్డానికి ఇద్దరూ మంచి బట్టలు కట్టుకుని వెళ్ళారు. కళా దర్శకుడు “అచ్చం మేడే మేస్త్రీ!” అని భుజం తట్టాడు. అంతలో ఒకతను వచ్చి కప్పు మీద పెట్రోలు పోశాడు. కథలో ఆ ఇల్లు తగలబడాలట. మేస్త్రి ముందుకు ఉరికితే ఇద్దరు రెక్కలు పట్టుకుని ఆపారు. నాలుగు నిమిషాల్లో అంతా బూడిదైంది.

“పొగ అడ్డొచ్చింది, ఇల్లు కనపడనేలేదు. ఇంకోటి కావాలి,” అన్నాడు దర్శకుడు.

“ఐదు నెలలు పడుతుంది,” అన్నాడు మేస్త్రి.

కళా దర్శకుడు పకపకా నవ్వాడు. “కాలిపోయేదానికి అంత సోకెందుకు? వారంలో అట్టతో చేసేవాడున్నాడులే.”

సినిమా విడుదలయ్యాక మేస్త్రి హాలుకు వెళ్ళాడు. అట్ట ఇల్లు భగ్గున మండుతుంటే జనం ఈలలు వేశారు.

“ఎంత బాగా కట్టారండీ!” అన్నాడు పక్క సీటాయన.

“అవునండీ,” అన్నాడు మేస్త్రి.