సంపూర్ణమ్మ పెట్టిన పథ్యం

గన్నవరం దగ్గర ఆ పల్లెలో పురుడొచ్చినా, ఎవరికైనా ఆపరేషన్ అయినా ముందు సంపూర్ణమ్మకే కబురు వెళ్లేది. బాలింతకి ఎన్నోరోజున కారం ముట్టించాలి, కోత పడ్డవాడు ఏం తినకూడదు అన్న విషయాల్లో ఆవిడ మాటకి తిరుగులేదు. డాక్టర్లంటే గౌరవమే. కాకపోతే వాళ్లకి కోయడమే వచ్చునని, మనిషిని నిలబెట్టేది పథ్యమేనని ఆవిడ నమ్మకం. "లంఖణం పరమౌషధం అని ఊరికే అన్నారా?" అనేది. అలాంటి మనిషి ఒక ఏడాది ఉన్నట్టుండి పథ్యం చెప్పడం మానేసింది. ఎందుకో ఊళ్లో చాలామందికి తెలియదు.

ఆవిడకి ఒక్కగానొక్క కూతురు రూతు. ఆ పిల్లకి కింది దవడ ముందుకు పొడుచుకొచ్చింది. పళ్లు పళ్లకి అందవు, మాట ముద్దగా వస్తుంది. టీచర్ ట్రైనింగ్ పాసయ్యాక మిషన్ బడివాళ్లు ఉద్యోగం ఇస్తామన్నారు గాని, "జూన్ నాటికి మాట స్పష్టంగా ఉండాలమ్మా" అని మెలిక పెట్టారు. రూతుకి అందం మీద యావ లేదు. పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పాలి, అంతే.

1974 మార్చిలో బెజవాడ వెళ్లారు. డాక్టరు మంచివాడు, ముందే కూర్చోబెట్టి చెప్పాడు. "దవడ ఎముక రెండు పక్కలా కోసి వెనక్కి జరుపుతాం. అతుక్కునేదాకా ఆరువారాలు పైపళ్లూ కిందిపళ్లూ కలిపి తీగలతో కట్టేస్తాం. నోరు తెరుచుకోదు. కింది పెదవి తిమ్మిరెక్కుతుంది, కొందరికి అది పోనే పోదు. అన్నీ ఆలోచించుకునే ఒప్పుకోమ్మా."

రూతు ఒప్పుకుంది. ఆపరేషన్ బాగానే అయింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు సంపూర్ణమ్మ చేతిలో ఒక కత్తెర పెట్టాడు.

"వాంతి వస్తే వెంటనే తీగలు కత్తిరించండి, లేకపోతే ఊపిరాడదు. పాలు, గుడ్డు, వడకట్టిన పప్పు, ఏదైనా జారుగా చేసి రోజుకి ఆరుసార్లు పట్టండి. బలం లేకపోతే ఎముక అతకదు. వారం వారం తూకానికి తీసుకురండి."

"అట్టాగేనండీ" అంది సంపూర్ణమ్మ. వాంతి అన్న మాట ఒక్కటే ఆవిడ గుండెలో దిగబడింది. మిగతాది తనకి తెలిసిన విద్యేగా!

పప్పు తగిలితే చీము పడుతుంది. పాలకి కఫం. గుడ్డు వేడి. ఇక మిగిలిందేముంది, గంజితేట, చారునీళ్లు! పచ్చి ఒంటికి బస్సు కుదుపులు పనికిరావని తూకానికీ తీసుకెళ్లలేదు. కత్తెర కొంగున కట్టుకుని, కంటిమీద కునుకు లేకుండా బిడ్డకి కాపలా కాసింది పిచ్చితల్లి.

రెండోవారం రూతు పలక మీద "ఆకలి" అని రాసింది. మర్నాడు "డాక్టరుగారు పాలు పట్టమన్నారుగా" అని రాసింది.

"నా తల్లే, ఓర్చుకోవే. పాలు పడక వాంతయిందనుకో, నా చేతులు వణికి తీగ తెగకపోతే నువ్వు నాకు దక్కుతావటే?" అని సంపూర్ణమ్మ భోరుమంది. రూతు పలక తుడిచేసింది. మళ్లీ అడగలేదు.

ఆరువారాలకి తీగలు విప్పారు. నలభై ఎనిమిది కిలోల పిల్ల ముప్ఫై ఎనిమిదికి దిగిపోయింది. డాక్టరు దవడ పట్టుకుని చూస్తే ఎడమపక్క కదిలింది.

"అతకలేదు. మళ్లీ కొయ్యాలి. దానికి ముందు ఒంట్లో రక్తం పట్టాలి, ఏడాదైనా పడుతుంది" అన్నాడు. బడి జూన్ దాటి ఆగదు. ఆ ఉద్యోగం అక్కడితో సరి. "అసలు ఈ పిల్లకి తిండి పెట్టిందెవరు?" అని గట్టిగా అరిచాడు.

రూతు అరచేత్తో దవడ ఎత్తిపట్టుకుంది. మాట కూడగట్టుకుని, "అమ్మ అన్నీ చేసిచ్చిందండీ. నేనే తాగలేదు" అంది.

"చదువుకున్నదానివి, బుద్ధుండక్కర్లా? తూకానికీ రాకపోతివి. చేసినదంతా బూడిదలో పోశావు" అని డాక్టరు నోటికొచ్చినట్టు తిట్టాడు. రూతు తలవంచుకుని అన్నీ పడింది.

"నేనేనండీ" అన్న మాట సంపూర్ణమ్మ గొంతుదాకా వచ్చింది. తన పళ్లకి ఎవరూ తీగలు కట్టలేదు, అయినా నోరు పెగల్లేదు.

డాక్టరు ఆవిడవైపు తిరిగి, "తాగనంటే మీరు మాత్రం ఏం చేస్తారులెండమ్మా, పాపం" అన్నాడు.

సంపూర్ణమ్మ తలూపింది.