ఆపరేటర్ పిన్ని పేర్ల పుస్తకం

నాకు ముక్కు మీద కోపం. కంప్యూటర్ల పని చేసేవాళ్లకి ఓపిక ఎక్కువని అందరూ అనుకుంటారు గానీ, ఆ ఓపికంతా మిషన్ల మీదే అయిపోయి, మనుషుల దగ్గరికొచ్చేసరికి ఏమీ మిగలదు. ఆఫీసులో ఫోన్లు మార్చిన వారంలో ఆ సంగతి నాకు బాగా తెలిసొచ్చింది.

మాది బెంగాల్లోని రైల్వే ఊళ్లో, పూరీ గేట్ దగ్గర పార్శిళ్లు పంపే ఆఫీసు. మూడంతస్తులు, ముప్పై ఎనిమిది బల్లలు, బల్లకో పాత ఫోను. బయటినుంచి ఏ ఫోనొచ్చినా కింద గుమ్మం పక్కన కూర్చునే ఆపరేటర్ ఎత్తి, కావలసిన మనిషికి కలిపేది. ఆవిడ మా ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీ మనిషే, మా ఇంటికి రెండు సందుల అవతల ఉంటుంది. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసిన భర్త పోయాక ఈ ఉద్యోగంతోనే ఇల్లు నెట్టుకొచ్చింది. నేను పిన్నీ అంటాను. బెంగాలీవాళ్లు దీదీ అంటారు. కొత్తగా చేరినవాళ్లు ఆపరేటర్ అనేస్తారు.

మేనేజరుగారు ఆ ఫోన్లన్నీ తీసేసి, ఇంటర్నెట్ మీద కంప్యూటర్లోంచే మాట్లాడే సాఫ్ట్‌వేర్ పెట్టమన్నారు. ఒక్కో బల్ల దగ్గరా కూర్చుని సర్వర్ అడ్రసు, ఎక్స్‌టెన్షన్ నంబరు, పాస్‌వర్డు కొట్టుకుంటూ పోతే నా పని గోవిందా. అందుకని అవన్నీ ముందే రాసిపెట్టిన సెట్టింగ్స్ ఫైలు ఒకటి తయారు చేస్తాం. సాఫ్ట్‌వేర్ ఎక్కగానే ఆ ఫైలు చదువుకుని, ఎవరినీ ఏమీ అడక్కుండా సిద్ధమైపోతుంది. ఆ ఫైలు రాయడం నా పని. దాంతోపాటు ఆయన ఇంకో మాట కూడా అన్నారు. శుక్రవారం పక్కన కూర్చుని చూస్తారట. దీదీకి కొత్తది చేతకాకపోతే ఆ సీట్లో ప్రేమ్ బజార్ వైపునుంచి చదువుకున్న అమ్మాయినెవరినైనా పెడతారట. పిన్ని రిటైరవడానికి ఇంకా ఆరేళ్లుంది.

అయినా ఫైలు నా చేతుల్లోనే ఉంది కదా అనుకున్నాను. పిన్ని కీబోర్డు ముట్టుకోనక్కర్లేకుండా అన్నీ అమర్చాను. అక్కర్లేని బటన్లన్నీ దాచేశాను. అక్షరాలు పెద్దవి చేశాను. హాజరు పట్టీ తెచ్చి, ముప్పై ఎనిమిది మంది పూర్తి పేర్లూ ఇంగ్లీషు అక్షరాల వరసలో ఎక్కించాను. పేరు మీద నొక్కితే చాలు, ఫోను వెళ్లిపోతుంది. నన్ను నేనే మెచ్చుకున్నాను.

బుధవారం పిన్నిని కూర్చోబెట్టి, పైనుంచి నేనే బయటి కస్టమర్‌లా ఫోన్ చేసి గోడౌను చూసే అన్న, అదే స్టోరు దాదా, కావాలన్నాను. ఎంతసేపటికీ కలవలేదు. కిందికెళ్లి చూస్తే ఆవిడ జాబితాని పైకీ కిందికీ జరుపుతోంది, మెడ మీద చెమట. నా నోరు ఊరుకుంటుందా?

"పేరు సూసి నొక్కడమే కద పిన్నీ. ఇందులో ఏటుంది?"

ఆవిడ కోప్పడలేదు. "ఏ పేరమ్మా? స్టోరు దాదా అసలు పేరు నాకేటి తెలుసు? నీకు తెలుసేటి?"

తెలియదు. నాలుగేళ్లుగా ఆయనతో రోజూ టీ తాగుతున్నాను, పేరు తెలియదు. పక్కవాళ్లని అడిగాను, వాళ్లకీ తెలియదు. మా ఊళ్లో అంతే. బెంగాలీలకి ముద్దుపేరు, తెలుగువాళ్లకి క్వార్టర్ నంబరో రైల్వే వర్క్‌షాపులో తండ్రి పనిచేసిన షాపో పేరైపోతుంది. అసలు పేరు హాజరు పట్టీ దాటి బయటికి రాదు. ఎవరి నోటా ఆడని పేర్లు ఎక్కించి, వాటిని వెతకలేకపోయిందని ఆవిడ మీద విసుక్కున్నాను. సిగ్గేసింది. తప్పు నాదే పిన్నీ అని అక్కడే అన్నాను.

అప్పుడావిడ సొరుగులోంచి అట్ట ఊడిన నోటుబుక్కు తీసింది. అంతస్తుల వారీగా నంబర్లు, ఎదురుగా తెలుగులో పేర్లు. స్టోరు దాదా. మెట్ల కింద బాబు. రోజూ కేరేజీలో చేపలు తెచ్చే ఆవిడ చేపల దీదీ. నా నంబరు ఎదురుగా తొందర పిల్ల. మేనేజరుగారి ఎదురుగా తలుపేసీ బాబు, ఏసీ గదిలోకి ఎవరొచ్చినా ఆయన మొదట అనే మాట అదే కాబట్టి. గురువారమంతా ఆవిడ చదువుతుంటే నేను ఫైల్లోకి ఎక్కించాను. ఆవిడ కంప్యూటర్‌కి తెలుగులో, మిగతావాళ్లకి అవే పేర్లు బెంగాలీ మాటల్లో. మేనేజరుగారి పేరొక్కటీ మారుద్దామంటే పిన్ని ఒప్పుకోలేదు. మారిస్తే తను వెతకలేనంది.

శుక్రవారం మేనేజరుగారు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. ఫోన్లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. పిన్ని చెయ్యి ఎక్కడా తడబడలేదు, బెంగాలీలో ఒకరికి, హిందీలో ఒకరికి, ఒడియాలో ఇంకొకరికి జవాబు చెబుతూ కలిపేసింది. ఆయన పైకెళ్లి తన కంప్యూటర్లో జాబితా చూసుకున్నారు. నేను వెనకే నిలబడి ఉన్నాను. తన పేరు కనబడగానే మొహం ముడుచుకున్నారు. తర్వాత తనే లేచెళ్లి తలుపు వేసొచ్చి, పకపకా నవ్వారు. సీటు దీదీదేననీ, ఇదే ఫైలు అన్ని బల్లలకీ ఎక్కించమనీ చెప్పారు.

ఆ మాట పిన్నికి చెప్పాక నాకు జాబితాలో ఇంకొక్క గడి మిగిలింది. పిన్ని నంబరు ఎదురుగా నేను ఆపరేటర్ అని రాసి వదిలేశాను. నోటుబుక్కులో ఆవిడది లేనే లేదు. ఏం రాయమంటావని అడిగాను. పిన్ని అనా, దీదీ అనా?

ఆవిడ హెడ్‌సెట్ తీసి ఒళ్లో పెట్టుకుంది. "నా పేరే ఎయ్యమ్మా. ఇంటిపేరుతో సహా. ఆయన పోయిన కాడ్నుంచీ ఆ పేరెట్టి ఎవులూ పిలవనేదు."

ఒక్కో అక్షరం ఆవిడ చెబుతుంటే కొట్టాను. సోమవారం ముప్పై ఎనిమిది కంప్యూటర్లలోనూ ఫైలు ఎక్కింది. నేను నా బల్ల దగ్గర కూర్చున్నానో లేదో తెర వెలిగి, ఫోను మోగింది. పిన్నీ అనబోయి ఆగాను. తెర మీద ఉన్న పేరు మొదటినుంచి చివరిదాకా చదివి, గారూ అని చేర్చి పలకరించాను.

అటునుంచి, "ఆఁ, నానే" అంది.