రిస్మియాతి ఎడమ చెయ్యి

మా ఊళ్లో ఒక మాట పుట్టింది. ఊరి విందు రోజున రిస్మియాతి గ్రామపెద్ద భార్య బు కస్మినికి, అంటే కస్మిని అమ్మగారికి, అన్నం బుట్టను ఎడమచేత్తో ఇచ్చిందట. బావి దగ్గరికి వచ్చేసరికి అది ఎడమచేత్తో విసిరిందట అయింది. బియ్యం మర దాకా వెళ్లేసరికి నవ్వుతూ విసిరిందట.

"సోలో పట్నం వెళ్లి గంతులు నేర్చుకొచ్చింది కదే, ఇక పెద్దాచిన్నా ఎందుకు కనిపిస్తారు దానికి?" అంది మా పిన్ని సోయాగింజల టెంపే ముక్కలు నూనెలో వేస్తూ.

మా చిరుతిళ్ల బండి ఊరి మైదానం అంచునే ఉంటుంది. ఎనిమిదిలో బడి మానేసినప్పటి నుంచి అక్కడ అల్లం నీళ్లు కాచేది నేనే. అందుకే ఆదివారం తరగతిని మొదటి నుంచీ చూశాను.

రిస్మి అక్క తల్లి పోయాక ఒంటరిగా ఉండేది. ఇళ్లకు వెళ్లి బట్టలు ఉతికేది. ఊరికొకరికి వ్యాయామం నేర్పించే శిక్షణ ఇస్తామని జిల్లా ఆఫీసు వాళ్లు అంటే, ఎవరూ ముందుకు రాకపోతే ఆమె వెళ్లింది. సర్టిఫికెట్టుతో, ఒక స్పీకరు పెట్టెతో తిరిగొచ్చింది. ఆదివారం పొద్దున్నే ఆడవాళ్లంతా మైదానంలో వరసగా నిలబడేవారు. ఆ ఒక్క పూట తప్ప ఆమెను పేరుపెట్టి పిలిచే మనిషి లేదు.

"మనం వాళ్లకు ఎదురుగా నిలబడతాం కదా," అని ఒకసారి నాకు చెప్పింది. "కుడి అన్నప్పుడు మన ఎడమ చెయ్యి ఎత్తాలి. అప్పుడు వాళ్లు చూసి కుడిది ఎత్తుతారు. వాళ్లకు మనమే అద్దం. శిక్షణలో అందరికన్నా కష్టమైంది అదే."

ఆమె "కుడి" అంటే అందరి చేతులూ ఆకాశానికి లేచేవి. "ఎడమ" అంటే ఛాతీ దాకా వచ్చి ఆగేవి. ఆమె అంతవరకే చూపించేది మరి.

"ఇదేం న్యాయం రిస్మీ! నా కుడి భుజం కూలి చేసినట్టు సలుపుతోంది. ఎడమది పెళ్లికూతురిలా కూర్చుంది," అని దర్జీ పని చేసే బు పారియెమ్ అరిచింది ఒకసారి.

"అటువైపు గుండె ఉంది కదండీ. దానికి మెల్లగా చాలు," అంది రిస్మి అక్క. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, పాట మార్చడానికి అటు తిరిగింది.

విందు తర్వాతి ఆదివారం సగం మంది వచ్చారు. ఆ పై వారం బు పారియెమ్, ఇంకో ఇద్దరు. జిల్లా ఆఫీసు నుంచి ఒకావిడ తరగతి చూడ్డానికి వస్తుందని అప్పుడే కబురొచ్చింది. జనం ఉంటే ఆ పని రిస్మి అక్కకు ఖాయం. లేకపోతే స్పీకరు పెట్టె పక్క ఊరికి పోతుంది.

నేను ఎవరికీ సలహా చెప్పే మనిషిని కాను. అయినా ఆ రోజు బండి పైనుంచి గ్లాసు అందిస్తూ అనేశాను. "నాలుగు అరటిపళ్లు పట్టుకెళ్లి బు కస్మినికి ఒక్క మాట చెప్పెయ్యండక్కా. ఆవిడ వస్తే అందరూ వస్తారు."

"ఎందుకలా ఇచ్చావని అడుగుతుంది."

"చెప్పండి."

"చెబితే ఆఫీసు దాకా వెళ్తుంది," అని గ్లాసు ఎడమచేత్తో అందుకుంది. "ఏమనుకోకమ్మా," అంది వెంటనే.

ఆఫీసు ఆవిడ వచ్చే ఆదివారం ఎవరూ రాలేదు. రెండు వెదురు గడల మధ్య ఆఫీసు వాళ్లు కట్టించిన బ్యానరు ఉంది. ఆమె పాట పెట్టి, ఖాళీ గడ్డికి ఎదురుగా నిలబడి "కుడి" అంది. పిన్ని వద్దని కళ్లతో అంటున్నా నేను పొయ్యి తగ్గించి వెళ్లి చివరి వరస ఉండే చోట నిలబడ్డాను. మా మధ్య మైదానమంతా ఉంది. ఆమె నన్ను ముందుకు రమ్మనలేదు. వరసలన్నీ నిండినట్టే గట్టిగా చెబుతూ పోయింది.

ఆఫీసు ఆవిడ మోటారుసైకిలు దిగకుండానే కాసేపు చూసింది. "ఇంతేనా?" అంది.

"ఇవాళ ఇంతేనండి," అంది రిస్మి అక్క.

"రేపు మనిషిని పంపిస్తాను. పెట్టె సిద్ధంగా ఉంచండి."

మోటారుసైకిలు వెళ్లిపోయాక రిస్మి అక్క పాట ఆపి, వైరు చుట్టింది. బ్యానరు వంక చూసింది.

"ఆ ముడి నువ్వు విప్పమ్మా."

"నాకందదక్కా. మీరు నాకన్నా జానెడు పొడుగు కదా."

ఆమె ఎడమచేత్తో ఒక్కదాంతో చాలాసేపు లాగింది. ముడి బిగుసుకుంది. కుడి చెయ్యి ఎత్తబోయింది. అది ఛాతీ దాకా వచ్చి ఆగింది. పంటి బిగువున ఇంకా ఎత్తాలని చూసి, దించేసింది. నేను బండి దగ్గరి స్టూలు తెచ్చి వేసుకుని విప్పాను. బ్యానరు మడత పెడుతుంటే అప్పుడు చెప్పింది.

శిక్షణ చివరి వారంలో కింద పడి ఆమె కుడి భుజం కీలు తప్పింది. దెబ్బ తగిలినవాళ్లకు సర్టిఫికెట్టు ఇవ్వరని ఎవరికీ చెప్పలేదు. ఆ చెయ్యి ఛాతీ దాటి పైకి లేవదు. విందు రోజున ఆమె కింద నిలబడి బుట్టలు అందించింది. బు కస్మిని ఎత్తైన వేదిక మీద ఉంది.