అమ్మ నేర్పిన నారింజ సలాడ్

చిన్నప్పుడు మాకు దుబాయ్ ఎండాకాలమంటే నారింజ వాసన...

అమ్మ ఒక స్పెయిన్ మేడమ్ విల్లాలో వంట చేసేది. నారింజ తొక్కా, దాని కింది తెల్లపొరా తీసేసి గుండ్రంగా కోసేది. పైన సన్నగా తరిగిన ఉల్లిపాయ, నల్ల ఆలివ్‌లు, ఉప్పు, ఆలివ్ నూనె... తర్వాత ఫ్రిజ్‌లో పెట్టేది. మధ్యాహ్నం అది లేనిదే మేడమ్‌కు భోజనం లేదు.

"చీనీకాయల్లో ఎర్రగడ్డలేంది, వీళ్ల నాలికలు ఏడ చేసినారో" అని అమ్మ మొదట్లో నవ్వేది. తర్వాత తర్వాత మిగిలింది డబ్బాలో తెచ్చుకుని తనే ఇష్టంగా తినేది.

ఆ పని మీదే నా బడి నడిచేది. నాన్న దర్జీ. ఆయన సంపాదన దుబాయ్‌లోని నైఫ్ పేటలో మా గదికీ, తిండికీ సరిపోయేది. మా వంశంలో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేనే...

2005 వేసవి సెలవులనుకుంటా. కడప దగ్గర మా ఊళ్లో జేజికి, అంటే మా నాన్నమ్మకు, బాగాలేదని ఫోనొచ్చింది. అప్పట్లో ఊరికెళ్లేవాళ్లు పని చెయ్యిజారకుండా తమ చోట తెలిసిన మనిషిని పెట్టి వెళ్లేవాళ్లు. వాళ్లు తిరిగి రాగానే ఆ మనిషి తప్పుకోవాలి. అంతా నోటిమాటే.

అమ్మ నూరీ చిన్నమ్మను పెట్టింది. పక్క గదిలో ఉండేది, మా వైపు మనిషే. రోజూ నాకు జడలు వేసేది. అమ్మ ఆమెను పక్కన నిలబెట్టుకుని ఆ సలాడ్ చేయడం నేర్పింది.

తిరిగొచ్చిన మర్నాడు అమ్మతో పాటు నేనూ విల్లాకు వెళ్లాను. వంటింట్లో చిన్నమ్మ నారింజలు కోస్తోంది. మేడమ్ అమ్మను చూసి ఆశ్చర్యపోయి ఇంగ్లీషులో గబగబా ఏదో చెప్పింది. అమ్మ నా వైపు చూసింది. మా ఇంట్లో ఆ భాష తెలిసింది నాకొక్కదానికే.

"నువ్వింక దుబాయ్‌కి రావని చిన్నమ్మ చెప్పిందంటమ్మా... ఆమె పేరున వీసా కూడా అయిపోయిందంట."

చిన్నమ్మ తలెత్తలేదు. "నీకు మిషను కుట్టి సంపాదించే అన్న ఉండాడు కదక్కా. నాకెవురుండారు?"

"నోరు తెరిచి అడిగింటే నేనే ఇచ్చేసేదాన్ని కదమే నూరీ" అంది అమ్మ.

నిజంగా ఇచ్చేసేదేమో... నాకు మాత్రం చిన్నమ్మ చేసింది ఇప్పటికీ మింగుడుపడదు.

నా ఫీజు కట్టే దారిలేక, బడి తెరిచేసరికి అమ్మా నేనూ ఊళ్లో ఉన్నాం. నాన్న ఒక్కడే అక్కడ మిగిలాడు. నేను సర్కారు బడిలో చేరి ఎలాగో చదువుకున్నాను. కానీ అమ్మ మళ్లీ దుబాయ్ చూడలేదు, ఎవరికీ ఏ పనీ నేర్పలేదు.

ఇప్పుడు ఎవరైనా సెలవుపై వెళితే ఏజెన్సీ వాళ్లే వేరే మనిషిని పంపుతారట. ఒకరిని నమ్మే అవసరమే లేదు...

మీ ఇంట్లోనూ ఎవరైనా ఇలా మాట మీద తమ చోటు అప్పగించి వెళ్లారా? తిరిగొచ్చేసరికి అది వాళ్ల కోసం ఉందా...?