నడికట్టు విప్పిన మధ్యాహ్నాలు

కొత్త రబ్బరు చాప వాసన తగిలితే చాలు, ఈమధ్య నా పొత్తికడుపు దానంతటదే బిగుసుకుంటోంది. కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లో ఒక మేడ మీది గదిలో వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, పొట్ట మీద చెయ్యి వేసుకుంటాను. వ్యాయామం నేర్పే బెంగాలీ పిల్ల పక్కన కూర్చుని "దీదీ, బిగబట్టకండి, ఊపిరిని కిందిదాకా వెళ్ళనివ్వండి" అంటుంది. తుంటి ఎముకల మధ్య ఏళ్ళ తరబడి కాపురమున్న నొప్పి ఆ మాట వింటుందో లేదో గాని, నేను మాత్రం అక్కడ ఉండను. ఖిదిర్‌పూర్‌లో మా పాత లైను ఇళ్ళ వరండాలో తేలతాను.

ఓడరేవు డాకుల పక్కన శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళ గదులవి. ఇంటికొక్క గది, అందరికీ ఒకే పొడుగాటి వరండా. వానాకాలం గోడలకి చెమ్మ, కుంపట్ల మీద కాలే ఎండుచేపల పొగ, దుర్గాపూజ రోజుల్లో పందిట్లో ఆకుల్లో పెట్టే వేడివేడి ఖిచిడీ, ఇంటికొచ్చాక మళ్ళీ చోడి అంబలి. నాన్న ఓడల్లో బస్తాలు దించేవాడు. అమ్మ తెల్లవారకముందే వీధులు ఊడ్చడానికి వెళ్ళేది.

బాలింత నడుముకి పాత చీర చించి బిగించి కట్టడం మావాళ్ళ ఆచారం. ఎవరికైనా కొన్నాళ్ళే. తమ్ముడు పుట్టినప్పుడు పట్టుకున్న నొప్పి అమ్మని వదల్లేదు, కాబట్టి నడికట్టునీ నాయనమ్మ వదలనివ్వలేదు. నొప్పి పెరిగిందంటే కట్టు వదులైందని ఆవిడ తీర్పు. గంజి పెట్టి ఆరేసిన ఆ గుడ్డని, అమ్మ తుంటికి పాదం తన్నిపెట్టి, పడవ మోకు లాగినట్టు లాగేది. అమ్మ కూర్చోలేక నిలబడే అన్నం తినేది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కట్టు తీసేయమంది. పడుకుని ఊపిరి మెల్లగా పొట్టలోకి దించమంది, మోకాళ్ళని బలవంతం లేకుండా చెరోపక్కకీ వాలనిమ్మంది, నొప్పెడితే ఆపమంది. రోజూ కొంచెం చెయ్యి, తొందరగా తగ్గుతుందని మాత్రం ఆశపడకు అని కూడా చెప్పింది. ఆ సంగతి నాయనమ్మకి చెప్పడమెలా? ఆ ఒక్క గదిలో, పట్టపగలు, కోడలు మోకాళ్ళు విడదీసి పడుకోవడమా?

అందుకని భోజనాలయ్యాక అమ్మ లోపలికి వెళ్ళేది, నేను గుమ్మంలో కూర్చుని కథ మొదలుపెట్టేదాన్ని. బర్మా ఓడ దిగిన ఏనుగు, క్రేను కొక్కేన్ని తన మేనమామ తొండమనుకుని పట్టుకుని ఏడ్చిందనీ, సాయంత్రానికి రెండూ కలిసి పెళ్ళిసంబంధం మాట్లాడుకున్నాయనీ చెప్పేదాన్ని. వరండాలో పేలు చూసుకుంటున్న ఆడాళ్ళు దువ్వెనలు ఆపేసేవారు.

"ఓలమ్మో, గుంటకి నోరేటే అది! మిషనా?" అనేది పక్కగది పోలమ్మత్త. అందరికంటే ముందు నోరు తెరుచుకుని వినేది నాయనమ్మే.

ఒకరోజు ఏనుగు పెళ్ళిపీటల దాకా వచ్చేసరికి జల్లు వరండాలోకి కొట్టింది. నేను లేచేలోపలే నాయనమ్మ గదిలోకి వెళ్ళిపోయింది.

"ఏటే ఇది? కట్టిప్పీసినావేటి? గర్భసంచి జారిపోద్దే!"

"బిగిస్తే నెప్పి ఎక్కువైపోతంది, అత్తా. ఒగ్గీస్తే కూసింత ఊపిరాడతంది."

"నీ ఒక్కదానికేనేటే నెప్పి? పెద్దోడు పుట్టిన కాడినుంచి నాకు లేదేటి? నాను ఓర్సుకోలేదేటి?"

అని, తన మాట తనకే వినబడినట్టు ఆగిపోయింది. బయట వాన. అమ్మ మోచేతి మీద లేచి "నీకూనా అత్తా?" అంది.

నాయనమ్మ నేల మీది కట్టు తీసి అమ్మ నడుముకి చుట్టింది. పాదం మాత్రం పెట్టలేదు. ఆ తర్వాత ఎప్పుడూ పెట్టలేదు. అమ్మ మధ్యాహ్నాలు కట్టు విప్పుకుని పడుకునేది. నాయనమ్మ చూడనట్టు పోయేది. చీర కింద తన నడుముకున్న కట్టు మాత్రం ఒక్కనాడూ వదులు చేసుకోలేదు.

నాయనమ్మ పోయినప్పుడు స్నానం చేయించిన ఆడాళ్ళకి కట్టు ముడి ఊడి రాలేదు, కోశారు. నడుము చుట్టూ చర్మం నల్లగా, తాడు ఒరిసిన ఓడరేవు గుంజలా గాడిపడి ఉంది. అమ్మ ఆ గాడిలో వేళ్ళు పెట్టి రాస్తూ కూర్చుంది, రక్తం మళ్ళీ ఆడుతుందేమో అన్నట్టు. ఆ రోజు నాకు ఏ కథా తోచలేదు. అమ్మ మళ్ళీ కట్టు కట్టలేదు. నొప్పి కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు.

ఇప్పుడా లైను లేదు, ఫ్లాట్లు లేచాయి. ఆ వరండా లేదు, పోలమ్మత్త లేదు, తీగల మీద గంజి కట్లు ఆరవు. ఆ గుడ్డ పేరు కూడా నా కూతురికి తెలియదు. మొన్న అది ఒక పక్కకి ఒరిగి కూర్చుని, ఫోను చూసుకుంటూనే, బెంగాలీ పిల్లల్లా "మా" అని పిలిచి, "నాకూ అక్కడే నొప్పిగా ఉంటోంది" అంది, తలనొప్పి అన్నంత తేలిగ్గా. చెప్పినందుకు సంతోషించాలో, ఉన్నందుకు ఏడవాలో తెలియక, నేను ఆ మేడ మీది గదికి వెంటబెట్టుకెళ్దామని దాని చెప్పులు వెతకడానికి లేచాను.