తాండూరు కబడ్డీకి పోతూ విన్న మంచు హాకీ

డెబ్భైలు ముగిసే రోజుల మాట. వికారాబాద్‌లోని మా చర్చి సంఘం యువకుల కబడ్డీ జట్టును తాండూరు పోటీకి తీసుకుపోయే పని నా మీద పడింది. పొద్దున ఎనిమిదింటికి ప్యాసింజరెక్కాం. ముందు పెట్టెలు వద్దనుకున్నాం, ఇంజను నుంచి బొగ్గు నలుసులు కళ్లలో పడతాయి.

జట్టు కెప్టెన్ యేసుదాసు ధాన్యం అమ్మే గంజ్‌లో బస్తాలు మోస్తాడు. అంతకుముందు వారం ఆటలో అతని కుడి భుజం జారింది. డాక్టరు సరిచేసి, చెప్పేదాకా కట్టు విప్పొద్దన్నాడు. ఆదివారం సంఘమంతా ప్రార్థన చేశాం. ప్రార్థన అయ్యాక కూడా కట్టుంచుకుంటే అవిశ్వాసమని, గుడి మెట్ల మీదే విప్పేశాడు. అందరం స్తోత్రం చెప్పాం. ఇప్పుడేమో ఎడమ చేత్తో కమ్మీ పట్టుకుని, పళ్లు బిగించి బండెక్కాడు. భుజం పోతే అతనికి కూలి లేదు. అడిగితే విశ్వాసాన్ని శంకించినట్టవుతుందేమోనని ఊరుకున్నాను.

ధారూర్ దాటాక పల్లీలు పంచుకున్నాం. ఎదుటి బల్ల మీద తాండూరు అవతలి బషీరాబాద్ సిపాయి, పేరు ఖాజా. లడాఖ్ నుంచి సెలవు మీద వస్తున్నానన్నాడు. అక్కడ మంచు హాకీ ఆడేవాడట.

"బూట్ల కింద ఇనుప పట్టీలు పెట్టుకొని, గడ్డకట్టిన చెరువు మీద ఉరుకుతం. ఎదురొచ్చి గుద్దితే లారీ గుద్దినట్టే."

మా నర్సింలు నవ్వాడు. "మీకు ఒంటినిండ మెత్తలుంటయట గద భాయ్! కబడ్డీల తోలు తప్ప ఏముంది? ఏడుగురు మీద పడ్తరు."

"నిజమే. కుస్తీల లెక్క మీరు గూడ పట్టు ఇడువరు. గానీ మీకు కింద మన్నుంటది. మంచు బండ లెక్క. నాకు గీ కుడి భుజమే జారింది. గా ఆటల జర జర సేపటికే ఒకడు బల్లకొస్తడు, ఇంకొకడు దిగుతడు. బల్ల మీద కూసున్నోన్ని ఎవ్వలు పిరికోడనరు."

"మల్ల ఎప్పుడాడినవ్?" యేసుదాసు అడిగాడు.

"తొందరపడి కట్టిప్పిన, ఆడిన. మల్ల జారింది. తుపాకి ఎత్తితే చెయ్యి వణుకుతది. సెలవు గాదు భాయ్, నౌకరి తీసేసి ఇంటికి పంపించిన్రు."

నేను యేసుదాసు పక్కకు జరిగాను. "తమ్మీ, దేవుడు ప్రార్థన విన్నడు. భుజం మానేందుకు దినాలు గూడ ఆయనే ఇస్తడు. కట్టు కట్టుకో."

"సంఘంల ఏమంటరన్నా? మెట్ల మీద అందరు చూసిన్రు."

"నేను చెప్త."

నా కండువాతో ఖాజాయే కట్టు కట్టాడు. మేం తాండూరులో దిగాం, అతను బండిలోనే ముందుకు పోయాడు. మధ్యాహ్నం ఎండలో పోటీ జరిగింది. యేసుదాసు గీత బయట కూర్చుని గొంతు పోయేదాకా అరిచాడు. ఓడిపోయాం.

సాయంత్రం బండిలో నర్సింలు ఉడికించాడు. "కెప్టెన్ సాబ్ నోటితోనే మస్తు ఆడిండు!" అందరితో పాటు యేసుదాసూ నవ్వాడు.

ఏ ఆట కఠినమో నేను తేల్చలేను, మంచు మీద పడిన ఒళ్లు కాదు నాది. జట్టు ఓడుతూ పేరుపెట్టి పిలుస్తుంటే, లేవకుండా కూర్చున్న మనిషిని మాత్రం చూశాను. వికారాబాద్ చేరేసరికి సంఘం పెద్దలు ప్లాట్‌ఫారం మీద ఎదురుచూస్తున్నారు. కట్టు మీద తువ్వాలు కప్పుకోకుండానే అతను నా ముందుగా దిగాడు.