చేతులు నేర్పిన మాటలు

హోటళ్ళ దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో నోటితో పనిలేదు. మిషన్లు తిరగడం మొదలుపెడితే చెవిలో అరిచినా వినపడదు. అందుకే అక్కడి ఆడవాళ్ళు చేతులతోనే మాట్లాడుకుంటారు. దుప్పటి మడతపెడుతూనే నాలుగు వేళ్ళాడించి అత్తగారి మీద చాడీలు చెప్పుకుంటారు. సూపర్‌వైజరు ఎదురుగా ఉన్నా, తిట్టేది తననేనని ఆ మహానుభావుడికి తెలియదు.

నీళ్ళు పిండే మిషన్ దగ్గర పనిచేసే ఆమెకు ఒక్కతే కూతురు. నిద్రలో కూడా నోరు మూతపడదని లాండ్రీలో అంతా ఆ పిల్లను వసపిట్ట అంటారు. ఈ వసపిట్టకు ప్రవేశ పరీక్ష రాసి హాస్టల్ బడిలో సీటు తెచ్చుకోవాలి. చదువు, తిండి, పడక అన్నీ వాళ్ళే చూసుకునే బడి. సీటు రాకపోతే పిల్ల కూడా రేపో మాపో ఈ ఆవిరిలోకే వచ్చి పడుతుందని తల్లి భయం. ఆమె కూడా అలా వచ్చి పడిందే. పైగా ఇదే ఆఖరి అవకాశం, వచ్చే ఏటికి పిల్లకు వయసు దాటిపోతుంది.

లెక్కలు పిల్లకు మంచినీళ్ళ ప్రాయం. చిక్కంతా క్రియలకు సమానార్థకాల దగ్గరే. చూచుటకు కాంచుట, ఇచ్చుటకు ఒసగుట, విడుచుటకు త్యజించుట.

"ఇలా ఎవరు మాట్లాడతారమ్మా?"

"పరీక్ష పెట్టేవాళ్ళు మాట్లాడతారులే. నువ్వు చదువు."

ఎంత చదివినా మర్నాటికి మాట గుర్తుండేది కాదు. బడి వదలగానే పిల్ల లాండ్రీకే వచ్చేది. ఆ హోరులో చదివించడానికి తల్లికి తెలిసిన దారి ఒక్కటే. ఎడమచెయ్యి తెలిసిన మాట, కుడిచెయ్యి కొత్త మాట. కంటి దగ్గర ఎడమచేతి వేళ్ళు పెట్టి, కుడిచేత్తో తెర తొలగించినట్టు చేస్తే కాంచుట. పిడికిలితో గుండె బాదుకుంటే విలపించుట. పిల్ల కూడా అలాగే చేతులాడిస్తూ పెదాలతో మాట పలికేది. చూసి చూసి మిగతా ఆడవాళ్ళూ అందుకున్నారు. మడతలు వేసే పిన్ని విలపించుట ఎంత బాగా చేసిందంటే, ఎవరో పోయారనుకుని సూపర్‌వైజరు ఆమెను ఇంటికి పంపించేశాడు.

పరీక్ష దగ్గరపడేసరికి పిల్లకు ఒక్క మాట తప్పడం లేదు. తల్లి సంబరపడిపోయింది. చేతులు కదపకుండా ఒక్కసారైనా చెప్పించాలని ఆ వెర్రితల్లికి తోచలేదు.

పరీక్ష రోజు తల్లి గేటు బయట నిలబడి ఉంటే, గంట కొట్టకుండానే పిల్ల బయటికి వచ్చింది. వెంట పరీక్ష హాలు పర్యవేక్షకుడు. పిల్ల చేతిలో కాగితం లేదు.

"సైగలతో జవాబులు చెబుతోందమ్మా," అన్నాడాయన. కోపంగా కాదు, విసుగ్గా. "ఒకసారి వద్దన్నాను. మళ్ళీ చేసింది. పక్క పిల్లలంతా ఇటే చూస్తున్నారు. నేనేం అనుకోవాలి? అందుకే కాగితం తీసేసుకున్నాను."

"అవి జవాబులు కావండీ. మాటలు గుర్తుండాలని నేనే నేర్పాను." చెబుతూ చెబుతూ ఆమె చేతులు వాటంతటవే లేచాయి. కన్ను, తెర, పిడికిలి.

ఆయన ఆ చేతుల వంక చూశాడు. "మీరే నేర్పారన్నమాట," అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆమెకు అప్పుడు తెలిసొచ్చింది. పిల్ల గొంతు కోసింది ఇంకెవరో కాదు, తనే. ఆ సంగతి ఏ దేవుడికి మొరపెట్టుకుంటే మాసిపోతుంది? దారి పొడుగునా వసపిట్ట ఒక్క మాట మాట్లాడలేదు. రెండు చేతులూ చంకల్లో బిగించుకుని నడిచింది.

మర్నాడు లాండ్రీలో మడతల పిన్ని దూరం నుంచే వేళ్ళు తిప్పి, పరీక్ష ఎలా జరిగిందని అడిగింది. తల్లి తడి దుప్పటిని రెండు చేతులా పట్టుకుని, కింద పెట్టకుండా నిలబడిపోయింది.

సాయంత్రం పిల్ల వచ్చి మూటల మీద కూర్చుంది. అన్నం తిందువుగాని రమ్మని తల్లి అలవాటుగా చెయ్యెత్తింది. పిల్ల ఆ చేతిని చూసి ముఖం తిప్పేసుకుంది.

తల్లి చెయ్యి దించేసింది. "అన్నానికి రావే, తల్లీ," అని నోటితో పిలిచింది. ఇంకా గట్టిగా పిలిచింది. మిషన్ల హోరులో ఆ పిలుపు ఆమెకే వినిపించలేదు.